లెటర్‌కెన్నీ ఆంటీ ఫోనూ, నా సంస్కరణలూ

ఆ రోజుల్లో ఫోను మార్చడమంటే ఇల్లు మారినంత పని. ఇప్పుడైతే రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే చాలు, అవే మాట్లాడుకుని పాతదాంట్లోని మనుషుల్ని కొత్తదాంట్లోకి పంపించేసుకుంటున్నాయి. మనం టీ తాగి వచ్చేలోపు పని అయిపోతోంది. అప్పుడు అలా కాదు. ఫోన్లోని పేర్లూ నంబర్లూ కేబులు పెట్టి కంప్యూటర్లోకి లాగాలి, అక్కడ అడ్రస్ బుక్కులో సర్దాలి, మళ్ళీ కొత్త ఫోన్లోకి ఎక్కించాలి. లాగడం, ఎక్కించడం యంత్రం చూసుకునేది. మధ్యలో సర్దడం ఒక్కటే మనిషి చేతిలో ఉండేది. ఆ మధ్యలో దూరింది నేను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఐర్లండ్ వచ్చి ఏడాది కావస్తోంది, లోకంలో చిందరవందరగా ఉన్నవన్నీ సర్దడానికే పుట్టానని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పుడు లేదు. మా వంటింట్లో ప్రెస్సు తలుపు తీసి చూస్తే మీకే అర్థమవుతుంది. అలమరని ఇక్కడ ప్రెస్సు అంటారు.)

నా మొదటి ఉద్యోగం లెటర్‌కెన్నీలో. డొనెగాల్ కొండల మధ్య ఊరు, పెద్ద ఆస్పత్రి, అంతకంటే పెద్ద వాన. తెలుగువాళ్ళు కొద్దిమందే. అందులో సగం మంది డాక్టర్లు, మిగతా సగం డాక్టర్ల ఇళ్ళలోవాళ్ళు, అటూ ఇటూ కాకుండా నాలాంటి సాఫ్ట్‌వేర్ బ్రహ్మచారులు ఒకరిద్దరు. ఆఫీసులో నాకిచ్చిన పని, ఎవరో ఎప్పుడో అడ్డదిడ్డంగా ఎక్కించిన కస్టమర్ల వివరాల్ని శుభ్రం చేయడం. పేరు ఉండాల్సిన చోట ఊరు, ఊరు ఉండాల్సిన చోట పేరు ఉంటే వాటిని లేపి ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టాలి. ఆ పని చూసి మా ఐరిష్ మేనేజర్ "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకి 'సర్లే, పరవాలేదు' అని అర్థమని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఈలోగా నేను చాలా గొప్పవాణ్ణని అనుకుంటూ ఊరంతా తిరిగాను.

సరిగ్గా ఆ సమయంలో ఆంటీ ఫోను నా చేతికి వచ్చింది. ఆంటీ అంటే ఆస్పత్రిలో పనిచేసే డాక్టర్ అంకుల్ గారి భార్య. కాకినాడ వైపు మనిషి. డబ్లిన్ దాకా అందరికీ ఆవిడ 'లెటర్‌కెన్నీ ఆంటీ'. ఊళ్ళో కొత్తగా దిగిన ప్రతి తెలుగు ప్రాణికీ మొదటి వారం అన్నం పెట్టేది ఆవిడే. నేను మాత్రం ఆ మొదటి వారాన్ని ఏడాది పొడుగునా సాగదీసి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వంటింట్లో కంచం ముందు తేలేవాణ్ణి. ఆంటీ ఫోను ఒకరోజు అంట్ల గిన్నెలో పడి, తెర కింది సగం వేలికి పలకడం మానేసింది. ఫోను ఎత్తే బొత్తాం ఆ కింది సగంలోనే ఉండేది. దాంతో ఎవరు చేసినా అది మోగి మోగి ఊరుకోవలసిందే, ఆంటీ దానివైపు జాలిగా చూడవలసిందే. డబ్లిన్లో చదువుకుంటున్న వాళ్ళమ్మాయి కొత్త ఫోను పంపించింది.

"అబ్బాయ్, నువ్వు కంప్యూటర్ చదువుకున్నావు కదా. ఇందులోవాళ్ళని జాగ్రత్తగా అందులోకి చేర్చు. ఒక్కరు కూడా తప్పిపోకూడదు" అంది ఆంటీ.

"వాడు చదివింది సివిల్ ఇంజనీరింగు" అన్నారు అంకుల్ పేపరు వెనకనుంచి.

"ఏదైతేనేం, ఇంజనీరే కదండీ."

ఆ సాయంత్రం గదికి వెళ్ళి, నంబర్లన్నీ కంప్యూటర్లోకి లాగి, అడ్రస్ బుక్కు తెరిచి చూశాను. నా వృత్తిధర్మం కుతకుతలాడింది. అందులో పేరు అనదగ్గది ఒక్కటీ లేదు. 'అర్జున్ వాళ్ళమ్మ' ఉంది. 'కవలల తల్లి' ఉంది. 'నెల్లూరు డాక్టర్ గారి ఆవిడ', 'వానలో లిఫ్ట్ ఇచ్చినావిడ', 'మునక్కాడలు' (స్లైగోలో ఒక కొట్టు), 'కిరసనాయిలు' (ఇంటి హీటింగుకి నూనె తెచ్చి పోసే లారీ ఆయన) ఉన్నారు. అంకుల్ నంబర్లు 'ఈయన', 'ఈయన వార్డు', 'ఈయన పాతది' అని ఉన్నాయి. నేను 'ఆదివారం అబ్బాయి'. ఒకచోట ఉత్త 'ఎత్తొద్దు' అని ఉంది. కంప్యూటరేమో మొదటి పేరు, ఇంటిపేరు, హోదా, పనిచేసే సంస్థ అని గళ్ళు గీసుకుని, అన్నీ ఖాళీగా పెట్టుకుని నావైపు దీనంగా చూస్తోంది. ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ ఖాళీ గడి చూస్తే నాకు అన్నం సహించని రోజులవి.

అసలు పేర్లు పట్టుకోవడానికి నాకొక ఉపాయం తట్టింది. మెసేజీల యాప్‌లో ఎవరికి వాళ్ళు పెట్టుకున్న పేరు, ఫోటో కనిపిస్తాయి కదా. ఒక్కో నంబరూ అందులో కొట్టి, వచ్చిన పేరు తెచ్చి, ముందు 'శ్రీమతి' తగిలించి, అక్షరక్రమంలో నిలబెట్టాను. ఆంటీ అడ్రస్ బుక్కు పెళ్ళికి సున్నం కొట్టిన ఇల్లులా తళతళలాడింది. 'ఎత్తొద్దు' నంబరు కొడితే బంతిపూల ఫోటో, పక్కన 'సులోచన' అని వచ్చింది. ఎంత చక్కని పేరు, పాపం ఆంటీ ఏదో చిరాకులో ఇలా పెట్టుకుని ఉంటుంది అని జాలిపడి, శ్రీమతి సులోచన అని గౌరవంగా రాశాను. నా పేరు ఇంటిపేరుతో సహా, హోదాతో సహా పూర్తిగా నింపాను. (తర్వాత రెండు మూడు వారాలు నేను ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తలేదు. ఎవరో బ్యాంకు ఆఫీసరు అనుకుందట.) పని పూర్తయ్యాక పాత ఫోన్లో సరుకంతా తుడిచేసి, దాన్ని పాత సామాన్ల డబ్బాలో పడేసి వచ్చాను. అంత శుభ్రమైన మనిషిని నేను.

ఇక్కడ ఆంటీ గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఊళ్ళో 'శ్రావ్య వాళ్ళమ్మ' అని ఒకావిడ ఉండేది. కరీంనగర్ నుంచి వచ్చారు. ఆంటీ వాళ్ళూ, వీళ్ళూ ఆ ఊళ్ళో మొదట దిగిన తెలుగు కుటుంబాలు. ఎనిమిదేళ్ళు ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు. డొనెగాల్లో ఎండ ఎక్కడిది, అయినా ఇద్దరూ కలిసి ఏటా వడియాలు పెట్టేవారు. ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే చిన్న గది ఉంటుంది, హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ళు ఆరబెట్టుకోవడానికి. అందులో పళ్ళేలు పేర్చి వడియాలు ఎండబెట్టేవారు. ఆ నెలంతా అంకుల్ ఒళ్ళు తుడుచుకుని జీలకర్ర వాసనతో వార్డుకి వెళ్ళేవారట, ఐరిష్ పేషెంట్లు అదేదో మందు అనుకునేవారట.

అలాంటి ఇద్దరికీ చెడింది. శ్రావ్య వాళ్ళు కొత్త ఇంటికి మారినప్పుడు గృహప్రవేశం పిలుపు ఊళ్ళో తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు. ఆంటీకి విడిగా ఫోన్ రాలేదు. ఆంటీ వెళ్ళలేదు. "గ్రూపులో పెడితే పిలిచినట్టా? పిజ్జా కొట్టువాడు కూడా అందరికీ పెడతాడు" అంది ఆంటీ. అవతలావిడ అన్న మాట కూడా ఊళ్ళో అందరికీ తెలుసు: "చుట్టాలకు పిలుపు గావాలె గని, ఇంటి మనిషికి ఎందుకు? పొద్దుగాల్నే వచ్చి పాలు పొంగిస్తదని సూసిన." ఇద్దరిదీ న్యాయమే. అందుకే రెండేళ్ళుగా తెగలేదు. ఆంటీకి ఆవిడంటే కోపమని అందరూ అనేవారు. నాకు మాత్రం అది దిగులులా కనిపించేది. ఆ రెండేళ్ళూ ఆంటీ వడియాలు పెట్టలేదు. ఎవరైనా అడిగితే హాట్ ప్రెస్ పాడైందని చెప్పేది. అది నిక్షేపంలా ఉంది.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు ఆంటీ ఇంట్లో పేరంటం. ఆ వారం మొదట్లో ఆంటీ కొత్త ఫోను పట్టుకుని, నన్ను కబురుపెట్టి రప్పించింది.

"అబ్బాయ్, ఇందులో మనవాళ్ళు ఒక్కరూ లేరే."

"అందరూ ఉన్నారాంటీ. పేర్లు సరిచేశాను, అంతే."

"ఈ హరిణి ఎవరు? ఈ మాధురీలత ఎవరు?"

"మీకు తెలిసినవాళ్ళే."

"నాకు తెలిసినవాళ్ళకి ఇలాంటి పేర్లుండవు" అంది ఆంటీ నిబ్బరంగా.

మాధురీలత కవలల తల్లో, నెల్లూరు డాక్టర్ గారి ఆవిడో నేను మాత్రం ఎక్కడ చెప్పగలను? నాకు పేర్లు తెలుసు, ఆవిడకి మనుషులు తెలుసు. రెండూ కలిపే దారం నేనే తెంపి డబ్బాలో పడేసి వచ్చాను. గ్రూపులో ఒక మెసేజి పెడితే సరిపోతుంది కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆంటీ చూసిన చూపుకి, వచ్చే ఆదివారం నా కంచం నాకు దూరంగా జరుగుతున్నట్టు కనిపించింది. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. "వరసగా చేస్తూ పోదాం. ఫోన్లో ఉన్నారంటే మనవాళ్ళే. గొంతు వింటే ఎవరో నేను చెప్పేస్తాను."

నిజంగానే చెప్పేసింది. అవతల 'హలో' అనడం ఆలస్యం, "ఆఁ, అర్జున్ వాళ్ళమ్మా, నువ్వా" అని పట్టేసేది. మధ్యలో డెక్లన్ అనే పేరు వచ్చింది. ఆంటీ ఊపులో ఉండి చూసుకోకుండా, "ఫ్రైడే సాయంత్రం మా ఇంటికి తప్పకుండా రావాలమ్మా" అని తెలుగులో మొదలుపెట్టేసింది. అవతలనుంచి మగగొంతు (పాత ఫోన్లో 'కిరసనాయిలు') ఓపిగ్గా విని, ఫ్రైడే అన్న మాట ఒకటి పట్టుకుని, ట్యాంకు నింపాలా అని ఇంగ్లీషులో అడిగింది. మర్యాదస్తురాలైన ఆంటీ, పిలిచి కాదనలేక "యెస్ యెస్, థాంక్యూ" అనేసింది. నిండు ట్యాంకులో ఇంకా నూనె ఎక్కడ పోయిస్తావని అంకుల్ పేపరు దించి అడిగారు. ఆంటీ అప్పటికే తర్వాతి పేరు నొక్కింది.

ఆ పేరు సులోచన. మోగి మోగి వాయిస్‌మెయిలుకి వెళ్ళింది. ముక్కూ మొహం తెలియని ఇంగ్లీషు గొంతు మాట వదలమంది. ఆంటీ కుర్చీలో సర్దుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "సులోచన గారూ, నేను లెటర్‌కెన్నీ డాక్టర్ గారి ఇంటినుంచి. ఏమీ అనుకోకండమ్మా, మీరెవరో నాకు చప్పున గుర్తుకు రావడం లేదు. ఈ మధ్య అన్నీ మరిచిపోతున్నాను. కానీ నా ఫోన్లో దాచుకున్నానంటే మీరు నాకు కావలసినవాళ్ళే అయ్యుంటారు. శుక్రవారం పేరంటానికి రండి. మీరొస్తే నాకు సంతోషం."

ఫోను పెట్టేసి, ప్రసన్నంగా నావైపు తిరిగింది. "ఎంత బాగుందో పేరు. పాతదాంట్లో ఈవిణ్ణి నేనేమని పెట్టుకున్నానో గుర్తుందా అబ్బాయ్?"

"ఉందాంటీ. 'ఎత్తొద్దు' అని."

అంకుల్ పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. నేను ఆ ఇంట్లో ఏడాదిగా తింటున్నాను, ఆయన పేపరు మడవడం అదే మొదటిసారి చూడటం.

"శ్రావ్య వాళ్ళమ్మ" అంది ఆంటీ.

నేనే ఆవిడకి ఫోన్ చేసి పొరపాటు జరిగిందని చెప్తానన్నాను. "పేరంటానికి పిలిచి, పొరపాటున పిలిచామని చెప్తావా? మళ్ళీ లక్ష్మీదేవి ఈ గడప తొక్కుతుందా?" అని కసిరింది. తర్వాత సెనగలు ఏరుతూ కూర్చుంది. ఏరిన సెనగల్నే మళ్ళీ ఏరింది. "ఎవరో గుర్తుకు రావడం లేదన్నాను కదా. ఎనిమిదేళ్ళు కలిసి తిరిగిన మనిషిని. ఆ మాట విని ఏమైపోతుందో" అంది. మొదట్లో పిలుపు లేదన్న గొడవ, రెండేళ్ళ కోపం, అన్నీ ఎక్కడికో పోయాయి. ఆవిడ భయమంతా ఆ ఒక్క మాట గురించే. లేచి వెళ్ళబోతుంటే నన్ను ఆపి, చిన్నపిల్లలా అడిగింది: "వస్తుందంటావా?" నాకు అబద్ధం చెప్పాలనిపించింది, కానీ తోచలేదు. "ఏమో ఆంటీ" అన్నాను.

శుక్రవారం నేను ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. (పేరంటంలో మగవాడికేం పని అనకండి, కుర్చీలు మోయడానికి పాపాత్ముడు ఒకడు కావాలి కదా.) సరిగ్గా ఆడవాళ్ళు వచ్చే వేళకి నూనె లారీ వచ్చి వాకిలికి అడ్డంగా ఆగింది. పట్టుచీరలు చేత్తో ఎత్తిపట్టుకుని, వానలో ఆ లావుపాటి నల్ల గొట్టాన్ని దాటుకుంటూ పేరంటాళ్ళు ఒక్కొక్కరే లోపలికొచ్చారు. డెక్లన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఒక్కొక్కరికీ దారి చూపిస్తూ నిలబడ్డాడు. ట్యాంకు నిండుగా ఉందని చూసి కూడా ఏమీ అనలేదు. ఆంటీ ఇచ్చిన తాలింపు సెనగలు లారీలో కూర్చుని తిని, "గ్రాండ్" అని వెళ్ళిపోయాడు. ఈసారి మాత్రం నిజంగానే బాగున్నాయని అర్థమనుకుంటాను.

పిలిచినవాళ్ళంతా వచ్చారు. పసుపు, పాట, హారతి అన్నీ అయ్యాయి. అందరూ తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. పళ్ళెంలో ఒక్క తాంబూలం మిగిలింది. ఆంటీ దాన్ని తీయలేదు, దానివైపు చూడలేదు. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. (ఇక్కడ వేసవిలో అది ఒక పట్టాన పోదు.) అంకుల్ ఇక భోంచేద్దామా అని అడగబోయి ఊరుకున్నారు. అప్పుడు తలుపు గంట మోగింది.

వెళ్ళి తీసింది నేనే. శ్రావ్య వాళ్ళమ్మ. చిలకాకుపచ్చ పట్టుచీర, మీద వానకోటు. నన్ను దాటుకుని లోపలికొచ్చి, ఆంటీ ఎదురుగా నిలబడింది. ఇద్దరూ కాసేపు ఒకరి చీర ఒకరు చూసుకున్నారు.

"నేనెవరో యాదికి వస్తలేదంటివి గద, అక్కా" అంది.

ఆంటీకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, అయినా తగ్గలేదు. "నీ పేరు సులోచన అని నాకెప్పుడు చెప్పావే?"

"ఎనిమిదేండ్లల్ల నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

నిజమే, అడగలేదు. మొదటిరోజు స్కూలు గేటు దగ్గర 'శ్రావ్య వాళ్ళమ్మ'గా పరిచయమైంది, అలాగే ఉండిపోయింది. ఆవిడ కోటు విప్పుతూ, మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. "ఆ మెసేజి నాలుగుసార్లు విన్న. మొదలు కోపమే వచ్చింది. మల్ల విన్న. 'సులోచన గారూ' అంటివి. ఈ దేశం వచ్చినంక నన్ను అట్ల పిలిచినోళ్ళే లేరు. ఆయన 'ఏమే' అంటడు, పిల్ల 'మామ్' అంటది, మీరందరు శ్రావ్య వాళ్ళమ్మ అంటరు. జీపీ డాక్టర్ దగ్గర పిలుస్తరు గని, ఆడ ఇంటిపేరే. వస్తనో రానో నాకే తెల్వదు. చీర కట్టుకున్నంక తెలిసింది."

ఆంటీ ఆవిణ్ణి కూర్చోబెట్టి, పాదాలకి పసుపు రాసింది. రాస్తూ రాస్తూ, "సులోచనా" అని ఒకసారి నెమ్మదిగా అని చూసుకుంది. బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు, తర్వాత మినప్పప్పు ఎంత నానబెట్టాలో వాదించుకున్నారు. అంకుల్ వెళ్ళి హాట్ ప్రెస్‌లోంచి తన తువ్వాళ్ళు ఒక్కొక్కటే బయటికి తెచ్చి కుర్చీ మీద పెట్టుకున్నారు. మనసులో సంతోషం ఉంటే ఆయన అలాంటి పనులు చేసేవారు.

ఇదంతా నా ప్రతాపమే అన్నట్టు నేను గుమ్మం దగ్గర నిలబడి వెలిగిపోతున్నాను. సులోచన గారు తల తిప్పి నన్ను చూసింది. "అక్క ఫోన్ల నా పేరు రాసింది నువ్వేనట గదా. మంచిగ చేసినవ్. మరి నీ ఫోన్ల అక్క పేరు ఏమని రాసుకున్నవ్?"

జేబులోంచి ఫోను తీశాను. 'లెటర్‌కెన్నీ ఆంటీ' అని ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ శ్రీమతులు తగిలించి, ఇంటిపేర్లు సర్ది, అక్షరక్రమంలో నిలబెట్టిన మహానుభావుడికి, ఏడాదిగా అన్నం పెడుతున్న మనిషి పేరు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. అంకుల్ వైపు చూశాను, ఏమైనా అందిస్తారేమోనని. ఆయన తువ్వాళ్ళు మడతపెడుతున్నారు. చెవుల దాకా ఎర్రబడి నిలబడ్డాను.

ఆంటీయే చెప్పింది. పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంటూ, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది, ఎవరో కొత్తమనిషిని పరిచయం చేస్తున్నట్టు. నేను అక్కడే నిలబడి, అక్షరం అక్షరం అడిగి, పాతది కొట్టేసి ఆ పేరు ఎక్కించుకున్నాను.

ఆ పేరుతో ఆవిణ్ణి నేను ఇంతవరకు ఒక్కసారీ పిలవలేదు. ఇప్పుడు నేను డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్లో ఉంటున్నాను, మా అమ్మాయి స్కూలు గేటు దగ్గర నాకూ పేరు లేదు, ఫలానా పిల్ల వాళ్ళ నాన్నని. ఏటా శ్రావణంలో, మా ఆవిణ్ణి పేరంటానికి పిలవడానికి ఆంటీ ఫోన్ చేస్తుంది. లెటర్‌కెన్నీ నుంచి ఇక్కడికి మూడు గంటల దారి, మేం వెళ్ళలేమని తెలుసు, అయినా విడిగా చేస్తుంది. తెర మీద ఆ పేరు చూసి ఒక్క క్షణం ఎవరీవిడ అనుకుంటాను. ఆ తర్వాత, ఎర్రబడిన చెవులతో గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ సంస్కర్త గుర్తొచ్చి, నవ్వుకుంటూ ఫోను ఎత్తుతాను. "ఆదివారం అబ్బాయేనా?" అంటుంది అవతలనుంచి.